తోక తెగిన పత్తి వార్త

ఈ చేతులతో నేనొక పత్తి చేనును నిండా ముంచాను. నాగలి పట్టింది లేదు, చేలో కాలు పెట్టింది లేదు. సూర్యాపేటలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, మూడు వరుసలు కొట్టేశానంతే. పురుగు కూడా అంత తీరుబడిగా చేనును తినదు.

అప్పుడు నేను జిల్లా పేజీల డెస్కులో ఉన్నాను. కోదాడలో రైతు సదస్సు జరిగింది. అక్కడి రిపోర్టరు సెలవులో ఉంటే నన్ను పంపారు. ఒక శాస్త్రవేత్త కొత్త రకం పత్తి గురించి మాట్లాడారు. పురుగు ఒంట్లో జన్యువులు సందేశాలు పంపుతాయట. వాటిని బట్టే ఒంటికి కావలసినవి తయారవుతాయట. ఈ కొత్త రకం మొక్కను తింటే ఒక ముఖ్యమైన సందేశం దారిలోనే తునకలైపోతుంది. కొన్నాళ్ళకు పురుగు కుదేలై చస్తుంది. నాకు సగమే ఎక్కింది.

"అంటే సార్, రిపోర్టరు పంపిన వార్తను ప్రెస్సుకు చేరకముందే ఎవడో చింపేసినట్టా?"

ఆయన ముచ్చటపడ్డారు. "భలే చెప్పారండీ! అలాగే రాయండి. కానీ ఇదింకా పరిశోధనలోనే ఉందని, విత్తనం ఎక్కడా అమ్మడం లేదని కూడా రాయండి. మర్చిపోకండేం."

మరిచిపోలేదు. రాశాను. చివరి పేరాలో రాశాను.

పత్రికల వాళ్ళకు ఒక అలవాటుంది. ముఖ్యమనుకున్నది తలలో పెడతాం, మిగిలింది తోకలో పెడతాం. జాగా చాలకపోతే తోక కోస్తాం. ఆ సాయంత్రం ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పేజీ మీద పడ్డాయి. వార్త దూర సందు లేదు, మెడకో ప్రకటన. వేరేవాళ్ళ వార్త కోస్తే అలుగుతారని, మంచితనానికి పోయి నాదే కోశాను. పైన శీర్షిక మాత్రం నిండుగా మిగిలింది: 'తిన్న పురుగు చచ్చినట్టే! వచ్చేస్తోంది కొత్త పత్తి'. శీర్షిక నేనే పెట్టాను. బాగుందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మా అక్క మొగుడు లింగయ్య బావది మోతె ఊరు, పత్తి సేద్యం. పేపర్లో నా పేరు కనబడితే చాలు, టీ కొట్టు దగ్గర పదిమందికీ వినబడేలా చదివేవాడు. తొలకరికి ముందు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, పత్తి గురించి నువ్వు రాసింది నిజమేనా?"

"నిజం కాకుంటే రాస్తనా బావా? కండ్లు మూసుకొని నమ్ము."

కళ్ళు మూసుకొనే నమ్మాడు. మోటారు సైకిలు మీద సంచి వేసుకొచ్చినవాడెవడో, నా వార్తను జిరాక్సు తీసి, పేరూ ఊరూ లేని విత్తనాల ప్యాకెట్లకు పిన్ను కొట్టి అమ్ముతున్నాడని, బావ అవే కొన్నాడని నాకేం తెలుసు?

కాయ పట్టే రోజుల్లో మళ్ళీ ఫోన్.

"బామ్మర్దీ, నువ్వు రాసిన పత్తిని పురుగు తింటుంటే ఏం జెయ్యాలె?"

ఇన్ని నెలలైనా నా వ్యాసం గుర్తుంచుకున్న పాఠకుడు! పొంగిపోయాను.

"తిననియ్యి బావా! తింటెనే గద అది సచ్చేది."

"మందు కొట్టొద్దా మరి?"

"మందు లేకుండ జేసుడే గద గా పత్తి! జర ఓపిక పట్టాలె."

"మీ అక్క కొట్టుమని పానం తీస్తున్నది."

"అక్కకేం తెలుసు సైన్సు?"

అక్కడైనా అనుమానం రావాలి కదా అంటారు. రాలేదు. పొగడ్త ఎక్కినవాడికి చెవులు పనిచేయవు.

బావ ఓపిక పట్టాడు. గులాబీ పురుగు మాత్రం ఓపిక పట్టలేదు.

పత్తి తీసే కాలంలో మోతె వెళ్ళాను. అక్క నన్ను చేలోకి తీసుకుపోయి, ఒక కాయ ఒలిచి అరచేతిలో పెట్టింది. రంగు మారి గడ్డకట్టిన దూది. మధ్యలో బలిసిన పురుగు, అత్తగారింటికొచ్చిన కొత్తల్లుడిలా.

"ఇది నీ పేపర్ సదవలేదేమో తమ్మీ," అంది అక్క.

అప్పుడు చెప్పాను. ఆ విత్తనం ఇంకా రానేలేదని, ఆ మాట చివర్లో రాశానని, జాగా లేక తీసేశానని.

"ఎవనికిచ్చినవ్‌రా మా జాగ?"

"ఒక లీడరు పుట్టినరోజుకక్కా."

అక్క ఏడవలేదు. నా చేతిలో కాయ తీసి కింద పడేసి, పక్క చెట్టు దగ్గరికి పోయి మరో కాయ ఒలిచి చూసింది. తర్వాత ఇంకొకటి.

బావ ఊళ్ళో లేడు. మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోయడానికి పోయాడు. అక్కడికీ వెళ్ళాను. కనుబొమ్మల నిండా ఊక దుమ్ముతో బయటికొచ్చాడు. ఒక్క సీజన్లో ముసలివాడైనట్టు కనిపించాడు.

"తిట్టు బావా."

"తిడితే పత్తి మొలుస్తదా? రా, చాయ్ తాగుదాం."

చాయ్ కొట్టులో మా పేపరే ఉంది. బావ చేతిలోకి తీసుకున్నాడు. గట్టిగా చదువుతాడేమోనని చూశాను. పెదవులు కదల్లేదు. ప్రతి వార్తకూ ఆఖరి వరుస మీద వేలు పెట్టి, మెల్లగా పైకి పోతున్నాడు.

"గదేంది బావా, కిందికెళ్ళి సదువుతున్నవ్?"

"అసలు ముచ్చట మీరు గీడ దాస్తరు గద."

కాబట్టి పాఠక మహాశయులారా, డెస్కు మీది కత్తెర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద వార్త తల కోస్తాను, నడుము కోస్తాను, అవసరమైతే నాయకుడి పుట్టినరోజునే వచ్చే ఏటికి జరుపుతాను. తోక జోలికి మాత్రం పోను. ఈ పేజీ దిద్దేవాళ్ళకు కూడా ఒక మనవి: జాగా చాలకపోతే పైనుంచి ఎంతైనా తీసేయండి, కింది వరుస ఉంచండి. మా బావ అక్కడి నుంచే మొదలుపెడతాడు.

తప్పు నాదే, బావా.