జాకీ కింద ఆకు

“...ముమ్మాటికీ నీ చేపల కంపేమే! ఇంకేంది? నా ముక్కు చచ్చిపోయిందనుకున్నావా?”

“చచ్చింది నీ ముక్కు కాదు, బుద్ధి. ఈ వాకిట్లో ఒక్క చేప తోక చూపించు. మూడు వారాల నుంచి ఈడ ఒక్క నెత్తలి ఎండిందా?”

కామాక్షయ్య అరచేతిలో నల్లగా, అరిసెలాగా అదిమి ఉన్న పొగాకు బిళ్ళ ఉంది. అప్పుడే లారీ జాకీ విప్పి, నొక్కు పలకల మధ్య నుంచి తీశాడు. సామ్రాజ్యం చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడింది. గంప నెత్తిన పెట్టుకుని దారిన పోతున్న చెంచమ్మ దడి దగ్గర ఆగింది.

“ఏందక్కా, పొద్దున్నే మొదలుపెట్టినారు?”

“నువ్వు రా చెంచమ్మా. వాసన చూసి నువ్వే చెప్పు, ఇది పొగాకా, ఎండుచేపా?” అన్నాడు కామాక్షయ్య.

చెంచమ్మ బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుంది. “బాగుండాదన్నా. చింతపండు పులుసు పోస్తే సరిపోద్ది,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

సామ్రాజ్యానికి నవ్వు రాలేదు. ఆయనకి అసలే రాలేదు.

కామాక్షయ్య పన్నెండేళ్ళు ఓడల్ని రేవులోకి లాగే టగ్గు మీద పనిచేశాడు. దాని కెప్టెన్ మానేసి పోతూ తన పాత పొగాకు పైపు ఇచ్చిపోయాడు. అప్పటి నుంచి కామాక్షయ్య చుట్ట ముట్టలేదు. తాడు తెగి మోకాలి మీద కొట్టిన తరువాత ఇంటిపట్టున ఉండిపోయాడు. కెప్టెన్ కాల్చే డబ్బా పొగాకు తమ జువ్వలదిన్నెలోనే కాదు, కావలిలో కూడా దొరకలేదు. దొరక్కపోతే చేసుకుంటానన్నాడు. కలిగిరి దగ్గరుండే బంధువు పెంచల్, బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టిన పసుప్పచ్చ ఆకు పంపుతాడు. మూడు వంతులు అదీ, ఒక వంతు నల్లటి నాటు ఆకూ కలుపుతాడు. ఈనెలు తీసి, తాటిబెల్లం నీళ్ళు చిలకరించి, ఆవిరి పట్టి, రెండు పలకల మధ్య పెట్టి, ఇనప చట్రంలో లారీ జాకీతో రోజుకు పావు తిప్పు బిగిస్తాడు. మొదటిసారి ఆవిరి ఇడ్లీ కుండలోనే పట్టాడు. ఆ వారం ఇడ్లీలు తిన్నవాళ్ళకు తల తిరిగింది. సామ్రాజ్యం ఆ కుండను పెంటలో పారేసి, ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

మొదటి రెండు బిళ్ళలూ చేప కంపు కొట్టాయి. వాకిట్లో నెత్తళ్ళు ఎండుతున్నాయి కాబట్టి నేరం వాటి మీద పడింది. “నీ చేపల్ని రేవు గట్టుకి తీసకపో,” అన్నాడు. తీసుకుపోయింది. కోడలిగా వచ్చిన ఏడాది నుంచి ఆమె చేపలు ఎండబెట్టింది ఆ వాకిట్లోనే. మబ్బు పడితే నాలుగు అంగల్లో చూరు కిందికి లాగేసుకునేది. గట్టు మీద చూరు లేదు. పోయిన వారం జల్లు పడ్డప్పుడు ఆమె కప్పడానికి పట్టా వెతుక్కునే లోపల రెండు గంపల నెత్తళ్ళు నానిపోయాయి. మర్నాటికి పురుగు పట్టింది. వాటిని గుంట తీసి పూడ్చింది. ఇంటికొచ్చి ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. చెబితే తానే అరుస్తానని ఆమెకు తెలుసు.

“ఇంక ఒకటే మాట,” అన్నాడు కామాక్షయ్య, బిళ్ళను అరుగు మీద విసిరి. “ఇంటి గోడలకే పట్టింది కంపు. ఎండుచేపలు మానుకో. రేవులో రొయ్యలు వొలిచే పనికి పో.”

సామ్రాజ్యం చీపురు పారేసి, చట్రంలోంచి పలకలు రెండూ ఊడబెరికి, బోరింగు దగ్గరికి ఈడ్చుకుపోయి, పీచు పెట్టి తోమింది. కోపం వస్తే ఆమె చేతులకు పని కావాలి. తోమి, గోడకు చేరేసి, బియ్యం కడగడానికి లోపలికి పోయింది.

మధ్యాహ్నం ఎండ గోడ మీదికి వచ్చింది. ఎసరు నీళ్ళకని బయటికి వచ్చిన సామ్రాజ్యం పలకల దగ్గర ఆగిపోయింది. చెక్కకు చెమట పట్టింది. పసుప్పచ్చ చుక్కలు పైకి ఊరి మెరుస్తున్నాయి. వేలితో తీసి వాసన చూసింది.

సొరచేప నూనె.

అవి మామ పడవ పలకలు. పడవ పగిలిపోయినప్పుడు కామాక్షయ్య వాటిని కట్టెల కింద అమ్మనివ్వలేదు. “నాయన చెక్క, ఇనుముతో సమానం,” అని అటక మీద దాచాడు. ప్రతి ఏడూ వేటకు ముందు సొర కార్జాలు కుండలో కాచి, ఆ నూనె పడవకు పట్టించేవాళ్ళు. పెళ్ళయిన ఏడు పీచు పెట్టి రుద్దింది ఈమే. నెల దాకా అన్నం ముద్ద నోటికి తీసుకుంటే ఆ చేతి కంపుకు వాంతి వచ్చేది. ఆ చెయ్యే ఈ పొద్దు ఈ పలకల్ని తోమింది. అయినా తట్టలేదు. తన మీద కూడా ఆమెకు మండిపోయింది.

“ఇట్రా,” అని కేకేసింది.

కామాక్షయ్య కుంటుకుంటూ వచ్చాడు. ఆమె పలక చూపించింది. ఆయన వేలు పెట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఆ వేలు పంచెకు తుడుచుకున్నాడు.

“ఎండకి ఊరుతాది. వేపాకు పెట్టి రుద్దితే పోద్దిలే,” అన్నాడు.

“నలభై ఏళ్ళు తాగిన నూనె, వేపాకుకి పోద్దా?”

“ఇప్పుడేందిమే? తెలీక చేసినా.”

“తెలీకనే నా చేపల్ని గట్టుకి తోలినావు. తెలీకనే రెండు గంపలు పురుగుల పాలు చేసినావు. తెలీకనే పొద్దున మానుకోమన్నావు. తెలిసుంటే ఇంకేం చేసేవాడివయ్యా?”

“పురుగులా? ఎప్పుడు? నాకు చెప్పలేదే?”

“చెప్తే ఏం చేస్తావు? వాసన చూస్తావా?”

ఆయన అరుగు మీద కూర్చుని, ఆరిపోయిన పైపును మోకాలికి తట్టుకుంటున్నాడు. రేవు నుంచి ఖాళీ గంపతో తిరిగొస్తున్న చెంచమ్మ దడి మీదుగా తొంగిచూసింది.

“అక్కా, రేపు పడవలు నెత్తళ్ళతో వొస్తాయంట. గట్టు మీద నీకూ జాగా పట్టమంటావా?”

“వొద్దు,” అంది సామ్రాజ్యం. “నావి ఈడనే ఎండుతాయి, ఈ పలకల మీదనే. ఆకు నొక్కుకునేవాళ్ళు ఆ జాకీ ఎత్తుకుని గట్టు మీదికి పోతారు.”