శుద్ధక్క చెమట

తెర మీద గీత లేవగానే నేనెందుకు అందరినీ కేకేసి పిలిచాను? ముసలితనం వచ్చింది, ఎన్నో పుస్తకాలు చదివాను. దీనికి మాత్రం జవాబు దొరకలేదు.

శుద్ధక్క మా ల్యాబ్‌లో గాజుసామాను కడిగేది. యాసిడ్ తొట్టిలో ముంచడం, వేడినీళ్లలో జాడించడం, బోర్లించడం. పందొమ్మిదేళ్లు అదే పని. మొగుడు మంచాన పడ్డాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆవిడ జీతంతోనే.

మేం మూర్ఛరోగుల కోసం ఒక పట్టీ చేస్తుండేవాళ్లం. ఉల్లిపొరలా వంగే ప్లాస్టిక్ మీద గ్రాఫీన్ అనే పల్చటి కర్బనం పూత. చేతికి అంటిస్తే చాలు, చెమటలోని మందుని పసిగట్టి తెర మీద గీతని మూపురంలా లేపుతుంది. రోగికి సూదిపోటు తప్పుతుంది. అది నిజమే చెబుతోందని తేలాలంటే, మందు వాడని మనిషి దగ్గర గీత లేవకుండా పడుండాలి. ఆ మనిషి ఆవిడే. అందుకే శుద్ధక్క అన్నాం. నెలకోసారి వేడినీళ్ల ఆవిరిలోంచి వచ్చి, మందూ మాకూ ఎరగని ఒళ్లు తమ్ముడూ అంటూ మురిపెంగా చెయ్యి చాపేది.

ఆ నెల గీత లేచింది. నేను కేకేస్తే అందరూ వచ్చి మూగారు. పెద్దసారు అడిగితే తలనొప్పి మాత్రైనా ఎరగనంది. ఐదు పట్టీలు మార్చాం. ఐదూ ఒకటే మాట.

"నిప్పులాంటి మనిషివిగా అక్కా, మరి ఈ పొగెక్కడిది?" అన్నాడు పక్క బల్లవాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత కడుగుడు గదిలో నా చెయ్యి పట్టుకుంది. మూడు వారాలుగా మూర్ఛకి మాత్రలు వేసుకుంటోందట. తెలిస్తే యాసిడ్ దగ్గర ఉండనివ్వరని దాచిందట. పరీక్ష రోజు పొద్దున మాత్ర మానేస్తే, గ్లాసు జాడించినట్టు ఒళ్లూ శుభ్రపడుతుందనుకుంది పిచ్చిది.

"పట్టీలు పాడయ్యాయని చెప్పు తమ్ముడూ. నీ మాటైతే సారు కాదనరు. ఈ పని పోతే నన్నెవరు పెట్టుకుంటారు?"

"ఐదూ ఒక్కసారే పాడవుతాయా అక్కా?" అన్నాను.

అరగంటలో పెద్దసారుకి అంతా చెప్పేశాను. ఆయన అప్పటికప్పుడే ఆవిణ్ణి పన్లోంచి తీసేశాడు. తీసేసి, నావైపు తిరిగాడు.

"వెతకబోయిన తీగ కాలికి తగిలిందోయ్. పోయేలోపు ఇంకో రెండు పట్టీలు పెట్టి చూడు."

ఆవిడ చెయ్యి చాపింది. అంటించాను. గీత ఎంత చక్కగా లేచిందో! వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆవిడ రోజూ గుమ్మంలో ఆగి, "వస్తా తమ్ముడూ" అని మరీ వెళ్లేది. ఆవేళ పట్టీలు తనే ఊడదీసి నా బల్ల మీద పెట్టింది. తొట్టి పక్కన మిగిలిన రెండు గ్లాసులూ కడిగి బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుని, గుమ్మం దాటి వెళ్లిపోయింది.