దశరథన్న బండిలో కాలిన వాసన

దశరథన్నంత పిరికి డ్రైవరు మా బొల్లారం రోడ్డు మీద ఇంకొకడు లేడని నేనే అందరికీ చెప్పి నవ్వించేదాన్ని. వెలిమెల నుంచి మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయే ఆడవాళ్లం ఏడుగురం ఆయన పాత డీజిల్ కారులోనే వెళ్తాం. మూడు వరుసల సీట్లు, రంగు వెలిసిన పైకప్పు. ఎండైనా వానైనా అద్దాలు దించే ఉంచాలి, పైకి తిప్పబోతే కసురుకుంటాడు. వెనక సీటు కింద, కంపెనీల్లో ఉన్నట్టే, ఎర్ర బకెట్ నిండా ఇసుక పెట్టుకున్నాడు. "అన్నా, గీ ఇసుకతోని ఇల్లు గడ్తవా ఏంది?" అని ఆటపట్టిస్తే, "కడ్త తియ్యి వనజా" అనేవాడు, కొంచెం కూడా నవ్వకుండా.

ఆయన భయం ఎక్కడిదో మాకు తెలియక కాదు. డ్రైవరు కాకముందు ఆయన బొల్లారంలోనే ఒక కంపెనీలో చాలా ఏళ్లు హెల్పరు. అక్కడ రసాయనాలు కలిపి వేడిచేసే రియాక్టర్ దగ్గర మంటలు లేచి ఆయన కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఇప్పటికీ ఆ చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. ఆయనకు జోడీగా పనిచేసే పెద్దరాములు మాత్రం బయటికి రాలేదు. ఆ తర్వాత దశరథన్న ఏ కంపెనీ గేటూ దాటలేదు. మమ్మల్ని కూడా గేటుకు ఇవతల రోడ్డు మీదే దింపేస్తాడు. ఆ రోజు సంగతి తన దగ్గర కూడా ఎత్తడని ఆయన భార్య సంగమ్మ వదిన చెప్పేది.

మొన్న ఎండాకాలంలో బండిలో కాలిన వాసన మొదలైంది. పటాన్‌చెరు దాటాక బండి వేడెక్కేసరికి ముక్కుకు తగిలేది. మా దిక్కున వాసన కూడా ఒక లెక్కేనా! ఒక్కో కంపెనీకి ఒక్కో కంపు. కళ్లు మూసుకుని కూర్చున్నా ఎక్కడిదాకా వచ్చామో మా ముక్కులే చెప్తాయి. "ఏం గాదన్నా, కంపెనీలది" అన్నాం. ఆయన వినలేదు. బండి ఆపి, అందరినీ దింపి, దూరంగా నిలబెట్టి, బానెట్ ఎత్తాడు. సన్నటి నీలం పొగ లేచింది. ఇంజన్ పక్కన కాగిపోయిన పొగ గొట్టం మీద ఆయిల్ చుక్క పడి చుయ్యిమంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు షిఫ్టు అయ్యాక బండిని మెకానిక్ మొయిన్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాడు. మేమూ అందులోనే ఉన్నాం. మొయిన్ భాయ్ తొంగి చూసి చేతులు తుడుచుకున్నాడు.

"పురానా గాడీ కదా దశరథ్ భాయ్. జెర తాగుతది, జెర కారుతది. ఆయిల్ పోస్కుంట నడుపు."

"పైపు మీద పడ్తుంది భాయ్. లోపల గీళ్లుంటరు. అంటుకుంటే ఎట్ల?"

"పరేషాన్ గాకు. ఇంజనంత జిడ్డు పట్టింది, లీకు యాడుందో ఎట్ల కనవడ్తది? మంచిగ కడిగి ఆరవెట్టు. మీద పౌడర్ చల్లి గింత దూరం నడుపు. యాడ తడిస్తే ఆడనే లీకు."

మర్నాడు శుక్రవారం. మాకు మధ్యాహ్నం షిఫ్టు. సంగమ్మ వదిన ఇంట్లో మొహానికి వేసుకునే పౌడర్ లేదంటే మా ఇంటి డబ్బా పట్టుకుని పొద్దున్నే వాళ్ల వాకిట్లోకి పోయాను. వదిన తమ్ముడు పవన్‌కుమార్ చేత్తో బ్రష్షు పట్టుకుని ఇంజన్ కడుగుతున్నాడు. సబ్బు నీళ్లతో కడగమని చెప్పి దశరథన్న స్నానానికి పోయాడట. పవన్‌కుమార్ పక్కన మాత్రం తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది.

"సబ్బుతోని యాడ వోతదక్కా గీ జిడ్డు? మా కంపెనీ సాల్వెంట్ తెచ్చిన. సూడు, ఎట్ల మెరుస్తుందో!"

మా ఊళ్లో ఇది కొత్తేం కాదు. కంపెనీల్లో వాడేసి పక్కన పెట్టిన సాల్వెంట్, ఎంత జిడ్డునైనా కరిగించే ద్రావకం, ఏదో ఒక దారిన ఇళ్లకు చేరుతుంది. గ్రిల్లుకు పడ్డ రంగు మరకలకీ, ఫ్యాను రెక్కల జిడ్డుకీ అదే మందు. ఘాటుగా, తియ్యగా వాసన వస్తోంది. రోజూ పీల్చే వాసనే కాబట్టి నేను పట్టించుకోలేదు. పైగా "మంచిగ వోతుంది" అని మెచ్చుకున్నాను కూడా.

అప్పుడే సంగమ్మ వదిన లోపలి నుంచి పళ్లెం పట్టుకుని వచ్చింది. శుక్రవారం బండి తీసే ముందు బండికి హారతి ఇవ్వాలి కదా. కర్పూరం వెలుగుతోంది, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. బానెట్ ఎలాగూ ఎత్తే ఉందని ఇంజన్‌కే ఇద్దామనుకుందేమో, నేరుగా ముందుకు నడిచింది. నేను పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాను. చెప్పులు విడిచి దండం కూడా పెట్టుకున్నాను.

దశరథన్న టవల్‌తో తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు. ఆ వెంటనే ఆయన గొంతు నుంచి వచ్చిన అరుపులో మాట లేదు. ఒక్క ఉరుకున వచ్చి కాలిన చేత్తోనే పళ్లెం ఎగరగొట్టాడు. వదినను ఒక పక్కకు, నన్ను ఒక పక్కకు నూకేశాడు. కర్పూరం పోయి వాకిలి అంచున, పవన్‌కుమార్ సాల్వెంట్‌తో తుడిచి విసిరేసిన తడి గుడ్డ మీద పడింది. గుడ్డ భగ్గుమంది. మనిషి నడుమెత్తు మంట! పవన్‌కుమార్ బ్రష్షు పారేసి గోడ దూకాడు. చావు ఇంత దగ్గరగా నిలబడి ఉంటే నేను దానికి దండం పెట్టానని ఒక్కటే బుద్ధికి తట్టింది.

దశరథన్న ఇసుక బకెట్ లాగి మంట మీద కుమ్మరించాడు. ఆరిపోయింది. బండి దాకా పాకలేదు.

వదిన కింద కూర్చునే ఏడుస్తోంది. "హారతి పళ్లెం గొడ్తవా? నన్ను నూకుతవా?" అంది. ఆపైన నల్లబడిన ఇసుకను చూసి నోరు మూసుకుంది. దశరథన్న ఆమె పక్కన మట్టిలోనే చతికిలబడ్డాడు.

"పెద్దరాములు జెప్పిండు" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. "దశరథ్, వాసన వస్తుంది, సార్‌కు జెప్దాం పా అన్నడు. ఏం గాదు, షిఫ్టు అయిపోవస్తుంది, నువ్వు పని సూడు అన్న. నేను బయటికి నీళ్లు తాగ వోయిన. మంట లేస్తే ఉరికొచ్చి గుంజవోయిన, చెయ్యి కాలింది గానీ మనిషి అందలే."

వదిన కొంగుతో ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ పూట ఎవరం డ్యూటీకి పోలేదు. బండిని గాలికి వదిలేసి, సాయంత్రం సబ్బు నీళ్లతో ఆయనే మళ్లీ కడిగాడు. ఆరాక పౌడర్ చల్లి ఊరి చుట్టూ ఒక్కడే తిరిగి వచ్చాడు. తెల్లటి పౌడర్ మీద, ఇంజన్ పైమూత వెనక మూల నుంచి పొగ గొట్టం దాకా నల్లటి చార. తెల్లారి మొయిన్ భాయ్ ఆ మూత విప్పితే లోపలి రబ్బరు ప్యాకింగ్ ఎండి అప్పడంలా విరిగింది. కొత్తది వేసి బిగించాడు. దశరథన్న బొల్లారం దాకా ఖాళీ బండి నడిపి, వెనక్కి వచ్చి, అడుగున వేలు పెట్టి చూశాడట. పొడిగా ఉంది.

మధ్యాహ్నం షిఫ్టుకు బండి వచ్చి ఆగింది. ఏడుగురం నిలబడి ఉన్నాం. జరిగినదంతా నేనే అందరికీ చెప్పాను, మంట ఎంతెత్తు లేచిందో చెయ్యి పెట్టి చూపించి మరీ చెప్పాను.

"అయిపోయింది, ఎక్కుండ్రి" అన్నాడు.

ఒక్కరూ కదల్లేదు. ఇన్నాళ్లూ ఆయన భయపడుతుంటే నవ్వుకుంటూ ఎక్కిన వాళ్లం. ఇప్పుడు ఆయన తలుపు తీసి పట్టుకుంటే నేల చూపులు చూస్తున్నాం. మా భయం ఆయనకు అర్థమైంది. మొహం చిన్నబోయింది గానీ కోపం రాలేదు.

"భయమైతే ఎక్కకుండ్రి. ఆటోల వోండ్రి. నేనేమనుకోను."

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. భయం పోయిందని అబద్ధం చెప్పను. అయినా ముందుకు పోయి ముందు సీట్లో కూర్చున్నాను. నా వెనక ఒక్కొక్కరూ ఎక్కారు. బండి కదిలింది. పటాన్‌చెరు దాటుతుంటే చూసుకున్నాను, నా చెయ్యి తలుపు పిడిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆయన అటే చూస్తున్నాడు. సిగ్గేసి చెయ్యి తీయబోయాను.

"తియ్యకు వనజా" అన్నాడు దశరథన్న. "పట్టుకొనే కూసో."