‘లేదు సార్’ అనడం మానుకున్నాక

నేను రాసే సీరియల్‌లో ముత్తయ్య అనే పెద్దాయన అరవై ఒకటో భాగంలో చనిపోయాడు. తొంభై నాలుగో భాగంలో ఆయనే లేచి వచ్చి కోడలికి చాయ్ పోసి ఇచ్చాడు. నాలో ఏదో తేడా ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

మాది మేడిపల్లి దగ్గర ఒక ఊరు. నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, మా వైపు చాలామందిలాగే గల్ఫ్ వెళ్లాను. మస్కట్‌లో క్యాంపు గదిలో పై బంకు మీద కూర్చుని ఫోన్‌లో ఈ కథ మొదలుపెట్టాను. సిరిసిల్లలో సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, ఆగిపోయి భివండీకి వలస వెళ్లిన ఒక నేత కుటుంబం కథ. తెలుగు కథలు చదివే ఒక యాప్‌లో రోజూ సాయంత్రం ఒక భాగం పెట్టేవాణ్ని. రోజూ రాస్తే ఎవరు ఎవరో కలగాపులగం అవుతుందని మొదటి నెలలోనే అర్థమై స్ప్రెడ్‌షీట్ పెట్టుకున్నాను. పాత్ర పేరు, వయసు, ఎవరికి ఏమవుతారు, ఏ భాగంలో వచ్చారు, ఏ భాగంలో పోయారు. ముత్తయ్య వరుసలో చివరి గడి ఎర్రగా ఉంది: ‘61, మరణం’.

కాంట్రాక్టు అయిపోయాక ఇంటికి వచ్చి, కోరుట్లలో మా లావణ్యక్క దగ్గర ఉన్నాను. అమ్మ కూడా అక్కడే. ఇళ్లకు వైరింగ్ పనులు చేస్తూ కొత్త వీసా కోసం ఎదురుచూస్తున్నాను. మధ్యాహ్నం అక్క, అమ్మ, పక్కింటి పోశవ్వ, ఇంకో ఇద్దరు అరుగు మీద బీడీలు చేస్తారు. అక్క ఫోన్‌ను గోడకు ఆనించి నిన్నటి భాగం పైకి చదువుతుంది. చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి. నాకు తెలిసిన మొదటి పాఠకులు వాళ్లే.

ఆ రోజు అక్క చదువుతూ ఆగింది. “తమ్మీ, సచ్చిన ముత్తయ్యతోని చాయ్ పోయించినవేందిరా? గాయినకు దినాలు గూడ జేపిస్తివి.”

“పోనీయ్ పిల్లా, కోడలంటే పానం గాయినకు. ఉండలేక అచ్చిండు,” అంది పోశవ్వ.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఒక్కణ్నే కూర్చుని ఆ పేరా చదివితే నవ్వు పోయింది. అది నేను రాసినట్టు నాకు గుర్తే లేదు. పైగా చివరి వాక్యం అవే మాటలతో మూడుసార్లు ఉంది. పాఠకులకు పొరపాటని రాసి సరిచేశాను. స్ప్రెడ్‌షీట్‌లో కొత్త షీట్ తెరిచి తేదీలు వేయడం మొదలుపెట్టాను. నెల రోజుల్లో ఇవి చేరాయి: ఒకటి, మాట్లాడుతూ ఆగిపోయి ఎక్కడ ఆపానో తెలియకపోవడం. రెండు, లేని వాసన, ఇన్సులేషన్ కాలినట్టు, కొన్ని సెకన్లు. మూడు, తెలిసిన వస్తువు పేరు నోటికి రాకపోవడం. నాలుగు, తలనొప్పి. ఐదు, సాయంత్రం పూట ఒంట్లో వెచ్చగా ఉండడం; ఇది మస్కట్ నుంచే ఉంది.

ఇంత శ్రద్ధగా రాసుకున్నాను గానీ ఎవరికీ చూపించలేదు. కారణం చెప్పాలి. గల్ఫ్ వెళ్లేవాళ్లకు వీసా మెడికల్ ఉంటుంది. ఫిట్స్ ఉన్నాయా, టీబీ వచ్చిందా, దగ్గుందా అని అడుగుతారు. ప్రశ్న పూర్తి కాకముందే ‘లేదు సార్’ అనడం మాకు అలవాటు. వెళ్లే ముందు ఒకరినొకరం అడిగి ప్రాక్టీస్ కూడా చేస్తాం. అన్‌ఫిట్ అనే మాట పడితే అంతే సంగతులు. మా గదిలో ఒకతన్ని ఎక్స్‌రే చూసి వారంలో ఇంటికి పంపించేశారు. అప్పటినుంచి ఆ గదిలో ఎవరూ గట్టిగా దగ్గలేదు.

అక్క బలవంతం మీద జగిత్యాలలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఓపికగా అడిగారు. స్పృహ తప్పిందా? జ్వరం? బరువు తగ్గావా? ఐదు ప్రశ్నలకు ఐదుసార్లు లేదు సార్ అన్నాను. ఫోన్ జేబులోనే ఉంది, షీట్ దాంట్లోనే ఉంది. ఆయన తలనొప్పికి మాత్రలు రాసి, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నారు. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పిందే ఆయన రాసుకున్నారు.

తర్వాతి వారం కథలో ఒక సన్నివేశం కోసం సిరిసిల్ల వెళ్లాను. నూలు తెగితే సాంచ ఎలా ఆగుతుందో దగ్గర నుంచి చూడాలి. నర్సయ్య అనే ఆయన తన కార్ఖానాలో చూపిస్తున్నాడు. సాంచాల చప్పుడు నాకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది నేల మీద పడి ఉండడం, కుడిచేతిలో తాళాల గుత్తి. నేను సాంచ మీదికి ఒరుగుతుంటే నర్సయ్య అంగీ పట్టి వెనక్కి లాగి, మెయిన్ ఆపి, ఫిట్స్ అని చేతిలో తాళాలు పెట్టాడట. ఆసుపత్రిలో నర్సు తాళాలతో ఏమీ కాదని, పక్కకు తిప్పి పడుకోబెట్టడమే మంచిదని చెప్పింది. అదీ ఆయన చేశాడు. “ఏది పనిజేస్తదో ఎరుకలేక రెండూ జేసిన,” అన్నాడు. ఆటోలో నా పక్కన కూర్చుని ఆసుపత్రిదాకా వచ్చాడు, అక్క వచ్చేవరకు కదల్లేదు. నా చెయ్యి సాంచలో పడకుండా కాపాడిన మనిషి ఆయన.

అక్కణ్నుంచి కరీంనగర్ పంపించారు. ఈఈజీ, ఎంఆర్ఐ చేశారు. మెదడులో ఎడమవైపు టెంపోరల్ లోబ్‌లో రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్, అంటే ఉంగరంలా మెరిసే మచ్చ, అని రిపోర్టు. న్యూరాలజీ మేడం అది చూస్తూ అడగడం మొదలుపెట్టారు. సాయంత్రం జ్వరం వస్తుందా?

“లేదు సార్.”

బరువు తగ్గావా?

“లేదు సార్.”

ఆమె రిపోర్టు కింద పెట్టారు. “నేను సార్‌ను కాదు బాబూ. ఇది వీసా మెడికల్ కూడా కాదు. ఇక్కడ నిన్నెవ్వరూ అన్‌ఫిట్ అని రాయరు. ఇప్పుడు చెప్పు.”

నాకు ఏడుపొచ్చింది. నోటితో చెప్పలేక ఫోన్ తీసి షీట్ తెరిచి ఇచ్చాను. ఆమె ఒక్కో వరుసా చదివారు. కాలిన వాసన దగ్గర ఆగి, అది కూడా చిన్న ఫిట్సేనని, మాట ఆగిపోవడమూ అంతేనని చెప్పారు. తర్వాత చెస్ట్ సీటీ తీస్తే వాచిన లింఫ్ నోడ్స్ కనిపించాయి. సూదితో తీసిన శాంపిల్‌లో టీబీ తేలింది. మెదడులో ఉన్నది ట్యూబర్‌క్యులోమా, అంటే టీబీ గడ్డ. ఆపరేషన్ అవసరం లేదు, మందులతో కరుగుతుంది, ఏడాది పైనే పట్టొచ్చు అన్నారు.

నేను అడిగింది ఒక్కటే. “రాయగలుగుతనా మేడం?”

“గడ్డ మాటలు ఉండే చోటికి పక్కనే ఉంది. ఇప్పుడేం మాటివ్వలేను. మందులు మానకు,” అన్నారు.

వీసా పోయింది. దానికన్నా నన్ను భయపెట్టింది ఆ జవాబే. ఏటీటీ, అంటే టీబీ మాత్రలు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చారు. అవిగాక స్టెరాయిడ్లు, ఫిట్స్ మందు. సీరియల్ నూట ముప్పై ఎనిమిదో భాగం దగ్గర ఆగింది. అక్క యాప్‌లో నా పేరుతో నోటీసు పెట్టింది: రచయితకు ఒంట్లో బాగాలేదు, కథ ఆగింది, చచ్చిపోలేదు. ఎంతకాలమైనా ఆగుతామని రాసినవాళ్లలో దుబాయ్ క్యాంపుల వాళ్లున్నారు, భివండీలో సాంచాలు నడిపేవాళ్లున్నారు. వాళ్ల ముఖాలు నేను ఇప్పటికీ చూడలేదు.

మూడో నెలలో తప్పు చేశాను. ఫిట్స్ మందుతో మబ్బుగా ఉండేది. అంతకంటే కోపం. చిన్న మాటకే ఒళ్లు మండేది. ఒకరోజు అమ్మ ఒళ్లో ఉన్న ఆకు చాటను తన్నాను. అమ్మ వంగి ఆకు ఏరుకుంది. అది చూసి సిగ్గుపడి, ఈ మందు వల్లే ఇలా అవుతున్నానని నాకు నేనే తేల్చుకుని, ఎవరికీ చెప్పకుండా ఆ మాత్ర ఆపేశాను. నాలుగు రోజులు తల తేలిగ్గా ఉంది, ఒక పేజీ రాశాను కూడా. ఐదో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ పడిపోయాను. నాలుక తెగింది.

కరీంనగర్‌లో మేడం మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగారు. వేసుకుంటున్నానని చెప్పాను. ఇంత జరిగాక కూడా అదే చెప్పాను. అక్క సంచిలోంచి విప్పని స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టింది.

“గా ముత్తయ్యను సంపి లేపినట్టు కాదురా గిది,” అంది. “నువ్వు సస్తే ఎవలు లేపుతరు?”

మేడం కోప్పడలేదు. ఎందుకు ఆపావని అడిగారు. కోపం సంగతి, చాట సంగతి చెప్పాను. ఆ మందుతో కొందరికి అలా అవుతుందని, అది నా గుణం కాదని అన్నారు. “చెప్తే ఆ రోజే మార్చేదాన్ని కదా.” కాగితం తీసుకుని వేరే మందు రాశారు. రెండు నిమిషాలు పట్టింది. కొత్త మందు కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టింది గానీ, ఆ కోపం మళ్లీ రాలేదు.

రాయడం మెల్లగా వచ్చింది. మొదట టైపు చేస్తుంటే పదాలు జారిపోయేవి. అందుకని అరుగు మీద కూర్చుని నోటితో చెప్పేవాణ్ని, అక్క ఫోన్‌లో రికార్డు చేసేది. రాట్నం అనే మాట రాక, దారం చుట్టేది, తిప్పేది అని తడుముకుంటే పోశవ్వ అందించేది. కొన్నిసార్లు మాటతో పాటు కథ కూడా అందించేది. ఒక పాత్రకు పెళ్లి కుదిర్చింది ఆవిడే. నాకు కుదరదనిపించినా ఉంచేశాను. పాఠకులకు అదే నచ్చింది. అలా వారానికి ఒకటి చొప్పున నూట అరవై నాలుగో భాగంతో కథ ముగిసింది. చివరి పది భాగాలు నా చేత్తో నేనే టైపు చేశాను.

ఏటీటీ కోర్సు పూర్తయింది. చివరి ఎంఆర్ఐలో చిన్న మచ్చ మాత్రమే మిగిలింది. ఫిట్స్ మందు ఇంకా వాడుతున్నాను. నిచ్చెన ఎక్కను, బండి నడపను. కోరుట్లలో ఒక షాపులో బల్ల దగ్గర కూర్చుని ప్యానెల్ బోర్డులు బిగిస్తాను. కొత్త సీరియల్ మొదలుపెట్టాను, వారానికి ఒక్క భాగమే. అప్పుడప్పుడు ఏదో ఒక పేరు నోటికి రాదు. కాసేపు ఆగితే వస్తుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్పదలచుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు ఒక కాగితం తీసుకోండి. ఒంట్లో బాధలన్నీ రాయనక్కర్లేదు. ఏది దాచాలనుకుంటున్నారో అది రాయండి. ఆపేసిన మాత్ర, తాగిన మందు, సిగ్గనిపించే సంగతి, ఉద్యోగం పోతుందని చెప్పనిది. ఎదురుగా కూర్చున్నాక నోరు అలవాటు ప్రకారమే మాట్లాడుతుంది. అందుకని గదిలోకి అడుగుపెట్టగానే ముందు ఆ కాగితం ఇవ్వండి. తర్వాతే కూర్చోండి.