చెంప ఎముక ఎత్తింది పళ్ల డాక్టరే

కంటిగూడు ఎముకల ఆపరేషన్ల గురించి ఇన్నేళ్లలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. నన్ను ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

1978లో బందరులో ఒక ఆసుపత్రికి డెంటల్ సర్జన్‌గా వెళ్లాను. కంటిగూడు కింది భాగం నిలబడేది చెంప ఎముక, పైదవడ ఎముకల మీద. దవడ మా పని కాబట్టి అక్కడ విరిగితే సరిచేసేదీ మేమే. ఈ సంగతి ఆసుపత్రిలో సగం మందికి తెలియదు, మిగతా సగం నమ్మరు.

ఖాసిం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు పొదిగేవాడు. కోడూరు నుంచి వస్తుంటే బస్సు సడెన్‌గా బ్రేకు వేసింది, ముందు సీటు కడ్డీ ఎడమ చెంపకు తగిలింది. చెంప లోపలికి పోయింది. కంటిగూడు అడుగు చితికి, కన్ను తిప్పే కండ అందులో ఇరుక్కుంది. ఏది చూసినా రెండుగా కనిపించేది.

"గుంట ఒకటే ఉందండీ, రెండు కనిపిస్తున్నాయి. రాయి దేంట్లో పెట్టను?" అన్నాడు. అలాగే ఉండిపోతే వాడి పని పోయినట్టే. వాళ్లమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, కంటికి కూడా పళ్లుంటాయా బాబూ అని అడిగింది.

కణత దగ్గర జుట్టులో అంగుళం కోసి, ఎలివేటర్ అనే చదునైన ఉక్కు కడ్డీని చెంప ఎముక కిందికి పోనిచ్చి లేపాను. టక్కుమని కూర్చుంది. తరవాత నోట్లో పైపళ్ల మీద కోసి, దవడ ఎముకలోని బోలుగదిలోంచి కంటిగూడు అడుగును పైకి నెట్టి, జారకుండా మందు పట్టించిన గాజుగుడ్డ కుక్కాను. మా ఆసుపత్రి కంటి డాక్టరు గారు పక్కనే ఉండి, కన్నును పట్టకారుతో పట్టి తిప్పి చూసి, కండ వదిలిందన్నారు. పైన కట్టు కట్టారు. ఆయన చేసింది అంతే.

శుక్లాల వార్డులో మా వైపు ఒక అలవాటుంది. కట్టు విప్పిన చేతికే దండం. ఖాసిం కట్టు విప్పే వేళకు నేను ఓపీలో ఎవరిదో పన్ను పీకుతున్నాను. కంటి డాక్టరు గారు విప్పి, వేలు చూపించి ఎన్ని అన్నారట. ఒకటే అన్నాడట ఖాసిం. తల్లి ఆయన చేతులు కళ్లకద్దుకుంది. నేను వెళ్లేసరికి లడ్డూలు పంచడం కూడా అయిపోయింది.

"నువ్వు పనిలో ఉన్నావని నేనే విప్పేశాను బావా," అన్నారాయన ఎప్పటి చనువుతోనే, నోట్లో లడ్డూతోనే.

కొన్నాళ్లకు నోట్లోంచి ఆ గాజుగుడ్డ తీశాను. లాగుతుంటే బారెడు వచ్చింది. ఖాసిం మళ్లీ రాళ్ల పనికి వెళ్తున్నానని సంతోషంగా చెప్పి, "కన్ను ఆ డాక్టరు గారు బాగుచేశారండీ. ఎటూ నోరు తెరిచాను కదా, ఈ దవడ పన్ను కూడా చూస్తారా?" అన్నాడు. చూశాను. పుచ్చింది. పీకాను. దానికి మాత్రం నాకు దండం పెట్టాడు.

ఆపరేషన్ చేసినవాడే కట్టు విప్పాలి. కన్ను నాలుగు వైపులా తిరుగుతోందో లేదో మొదట చూడవలసింది వాడే. ఆ తరవాత నా రోగి కట్టు మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు. జూనియర్లకూ అదే నేర్పాను.

కంటి డాక్టరు గారు ఇప్పుడు గుడివాడలో ఉంటున్నారు. ఎప్పుడు అడిగినా నవ్వేసి, కాఫీ తాగుతావా బావా అంటారు. నాకు కాఫీ వద్దు. ఖాసిం కన్ను నిలబెట్టింది ఎవరో వాళ్లమ్మకు ఆయన చెప్పారా, లేదా? ఈసారి నవ్వకుండా చెప్పాలి.