తూటాల పన్ను ఎక్కడికి పోయింది

మా నాయన దగ్గర తుపాకి ఉండేదంటే వినేవాళ్లు వేటగాడనుకుంటారు. ఆయన కోడిని కూడా కోయలేడు. తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన మా నల్లరేగడి చేనులో మొక్కజొన్న కంకి పాలు పోసుకోగానే అడవిపందులు దిగేవి. వాటిని బెదిరించడానికని లైసెన్సు తెచ్చుకున్నాడు. పందిని కొట్టడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఆకాశాన్ని కాల్చేవాడు.

తూటాలు విరుదునగర్‌లో కొనాలి. నేను ఆ ఊళ్లోనే నూనె మిల్లులో పని చేస్తాను గనుక నన్నూ వెంటబెట్టుకుని పోయేవాడు. బిల్లులో పన్ను విడిగా ఉంటుంది. అది చూసి అమ్మ గొణిగితే నాయన సర్దిచెప్పేవాడు.

"పోనీలేవే. పంది పేరు చెప్పి తీసుకునే దుడ్డు పందికే కదా అయ్యేది. కంచె ఏస్తారు, లేకుంటే నష్టమన్నా ఇస్తారు."

ఆయన్ను తప్పు పట్టలేను. మా ఊళ్లో పద్ధతి అదే. గుడి తిరునాళ్లకని ఇంటికింతని పన్ను వేస్తే తిరునాళ్లకే ఖర్చు పెడతారు. చెరువు పూడికకని వసూలు చేసింది చెరువుకే. అటూ ఇటూ చేసినవాణ్ణి పంచాయితీలో నిలబెట్టి కడిగేస్తారు. సర్కారంటే కొంచెం పెద్ద ఊరని నాయన నమ్మకం.

పందులు మొదట్లో బెదిరాయి. తర్వాత ఆ చప్పుడు వాటికి అలవాటైపోయింది. పోయిన పంటకు ఒక్క కంకి మిగల్చలేదు. నాయన గట్టు మీద కూర్చుని విరిగిన దంట్లు ఏరి పక్కన పెడుతున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

బిల్లులన్నీ సంచిలో వేసుకుని నష్టపరిహారం అడగడానికి అటవీశాఖ ఆఫీసుకు పోయాం. "ఇన్నాళ్లూ పందికని పన్ను కట్టాను," అన్నాడు నాయన తమిళంలో. గుమాస్తా మంచివాడే, నవ్వకుండా చెప్పాడు.

"అయ్యా, అది పందికని కాదు. అగ్గిపెట్టె మీద వచ్చేదీ, తూటా మీద వచ్చేదీ ఒకే గల్లాలో పడుతుంది. జీతాలకు, రోడ్లకు, రేషన్ బియ్యానికి పోతుంది. పరిహారానికి వేరే అర్జీ పెట్టండి."

పెట్టాం. ఏదో వచ్చింది, విత్తనాలకు కూడా చాలలేదు. నాయన బాధ దాని గురించి కాదు. "అట్లయితే మనం ఎవురి మీద పంచాయితీ పెట్టేది?" అని బస్సులో అడిగాడు.

తుపాకి సర్కారుకే అప్పజెప్పేశాడు. వానలు పడినా చేను దున్నలేదు. బీడునిండా సీమతుమ్మ గుబురుగా లేచింది.

మొన్న పక్క చేను రైతు వచ్చాడు. నాయన కంటే చాలా చిన్నవాడు. చల్ల తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, తలెత్తకుండా అన్నాడు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. పందులు ఇప్పుడు కొండనించి రావడం లే. మీ చేన్లో ఆ తుమ్మల్లోనే పిల్లల్ని పెట్టుకొని ఉండాయి. నా పంటంతా పోయింది."

నాయన లేచి నిలబడి అతనికి చేతులు జోడించాడు. చూడలేక నేను లోపలికి పోయాను.