పర్వతాలు పగలగొట్టని కుండ

మార్చి వచ్చిందంటే బోయిగూడ పర్వతాలుకు ఒకచోట కాలు నిలవదు. ఐదేళ్లుగా ఆ నెలలోనే అతడు కోర్ఫు అనే గ్రీకు దీవికి పోయి, అక్టోబరు దాకా హోటల్లో గిన్నెలు కడిగి వస్తాడు. మిగతా రోజులు కుమ్మరి పని. ఈసారి మార్చి మొదలై వారమైనా పిలుపు రాలేదు. భార్య లచ్చమ్మ రోడ్డు పక్కన మంచినీళ్ల రంజన్లు అమ్ముతుంటే, అతడు వాటి చుట్టూ తిరుగుతూ ఫోను చూసుకుంటాడు.

"గట్ల తిరిగితే ఫోన్ మోగుతదా? జెర కూసో," అంటుంది లచ్చమ్మ.

పిలుపు ఎందుకు రాలేదో అతనికి తెలుసు. ఈస్టరు ముందటి శనివారం ఆ దీవి జనం శుభమని మేడల మీదినుంచి నీళ్లకుండలు వీధిలోకి విసురుతారు. పోయినేడు హోటలు యజమాని ఒక కుండ చేతికిచ్చి విసరమన్నాడు. పర్వతాలు దాన్ని వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది, బాగా కాలిన కుండ. మెల్లగా కింద పెట్టేశాడు. యజమాని మొహం మాడ్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఫోను మోగింది. "ఈ ఏడన్నా విసురుతావా?" అన్నాడు యజమాని.

"విసరను సార్. విసిరే కుండలు చేసిస్తా."

లచ్చమ్మ నోరు తెరిచింది. "పగలగొట్టెటందుకు చేస్తవా?"

"చావుకుండలు చేస్తలేమా? పగలగొట్టేది వేరేటోళ్లు."

ఫోన్లో, "మట్టి ఇక్కడే దొరుకుతుంది. రా," అన్నాడు యజమాని.

లచ్చమ్మ నవ్వింది. "ఇగనన్నా కూసుంటవా?"

"ఆ మట్టి జిగటుంటదో లేదో," అంటూ పర్వతాలు మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు.